ముక్క ఏ సీసాలో పడింది?

సంగారెడ్డి జిల్లా కంగ్టి వైపు నడుము నొప్పి అంటే నెపం చేసే పని మీదికే పోతుంది. పత్తి తీశామనో, కంది మూట ఎత్తామనో సరిపెట్టుకుంటారు. ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది, మెడికల్ షాపులో నాలుగు గోళీలు. రాత్రిళ్లు కూడా నొప్పి నిద్రపోనివ్వకపోతే నారాయణఖేడ్, అక్కణ్నుంచి సంగారెడ్డి, చివరికి హైదరాబాద్. పక్కపక్క పూసలు రెండూ, వాటి మధ్య డిస్కూ దెబ్బతిన్నాయని ఎమ్మారై చూపిస్తే ఇన్ఫెక్షన్‌ను అనుమానిస్తారు. ఏ క్రిమి అన్నది మాత్రం ఫిల్మ్ చెప్పదు.

మొదటి అనుమానం టీబీ మీదే. న్యాయమే, ఎముకలకు పట్టే టీబీలో దాదాపు సగం వెన్నులోనే కనిపిస్తుంది. కానీ స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా కావచ్చు. గొర్రెలు, మేకలున్న ఇళ్లలో కాచని పాలతో వచ్చే బ్రుసెల్లా కావచ్చు. ఒక్కోసారి క్యాన్సరే కావచ్చు. ఒకదాని చికిత్స ఇంకోదానికి సరిపోదు.

అందుకే సూది. రోగిని సీటీ మిషన్ మీద బోర్లా పడుకోబెట్టి, మత్తుసూది వేసి, తెర మీద చూసుకుంటూ బోలు సూదిని పూసలోకి దించుతారు. వచ్చేది అగ్గిపుల్ల మందాన చిన్న ముక్క.

అది ఏ సీసాలో పడుతుందన్నదే అసలు సంగతి. మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే పాథాలజిస్టు కణాలను చూడగలరు, క్యాన్సరో కాదో చెప్పగలరు. క్రిములు మాత్రం చచ్చిపోతాయి, క్రిమిని పెంచి చూసే కల్చర్‌కు ఏమీ మిగలదు. కొంత భాగం స్టెరైల్ సెలైన్‌లో వేసి ల్యాబ్‌కు పంపితే, టీబీ ఉందా, టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్నది సీబీనాట్ అనే జన్యు పరీక్ష రెండు గంటల్లో చెబుతుంది. ఎముకలో క్రిములు తక్కువ కాబట్టి నెగెటివ్ వచ్చినా టీబీ లేదని తేల్చలేం. వారాలు పట్టినా కల్చర్ ఫలితం కూడా చూడాల్సిందే.

చీము కారే పుండు మీద దూది రాసి పంపితే చాలదా? చాలదు. 1978లో మాకొవియాక్ అనే వైద్యుడి బృందం అమెరికాలో దీన్నే పరీక్షించింది. పుండు దారిలో దొరికిన క్రిమి, ఆపరేషన్‌లో ఎముక నుంచి తీసిన క్రిమి చాలామందిలో వేరువేరుగా తేలాయి.

సూదికి ముందే యాంటీబయాటిక్ మొదలుపెడితే కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు. రోగి నిలకడగా ఉంటే ముందు ముక్క, తర్వాత మందు అని అమెరికా ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘం 2015లో సూచించింది. కాళ్లు పట్టు తప్పుతున్నా, ఒళ్లంతా విషమెక్కుతున్నా మాత్రం ఆగకూడదు.

చాలాచోట్ల ఆ సీసాను ల్యాబ్‌కు మోసుకెళ్లేది రోగి తాలూకు మనిషే. పరీక్ష చీటీ మీద ‘బయాప్సీ’ అని మాత్రమే ఉంటే, కల్చర్, సీబీనాట్ కూడా కావాలా అని డాక్టర్నే అడగాలి. ముక్క ఫార్మలిన్‌లో పడకముందే అడగాలి.