గిరిగారి ప్లీడరీ

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 36వ సెక్షన్ కొత్తగా నల్లకోటు తొడిగిన వాళ్ళకు మింగుడుపడేది కాదు. రాజీ చర్చల్లో వకీలుకు చోటు ఉండేది కాదు. లేబర్ కోర్టులో నిలబడాలన్నా ఎదుటి పక్షం సరేననాల్సి ఉండేది, కోర్టూ ఒప్పుకోవాల్సి ఉండేది. మన వకీలు రావడానికి అవతలివాడి అనుమతి! దీనికో దొడ్డిదారి ఉండేది. యూనియన్‌లో పదవి ఉంటే, లాయరైనా ఆ హోదాలో వాదించుకోవచ్చని పారాదీప్ పోర్టు ట్రస్టు కేసులో 1976లో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్లీడరు, యూనియన్ నాయకుడు: ఈ రెండు వేషాలూ అంతకు చాలా ముందే కట్టిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి. రాష్ట్రపతిగా అందరికీ తెలుసు. ప్లీడరుగా తెలిసినవాళ్ళు తక్కువ.

1894లో బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు ప్లీడరే. 1913లో కొడుకును న్యాయశాస్త్రం చదవమని డబ్లిన్ పంపారు. అక్కడ బారిస్టరు కావాలంటే పుస్తకాలు చదివితే చాలదు, కింగ్స్ ఇన్స్‌లో లెక్కప్రకారం విందులకు కూర్చోవాలి. కుర్రాడు విందులతో ఆగలేదు, ఐరిష్ జాతీయవాదులతో సావాసం పట్టాడు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఆ దేశం వదలక తప్పలేదు. తిరిగొచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. కొన్నేళ్ళకే, గాంధీ సహాయ నిరాకరణకు పిలుపునివ్వడంతో అదీ వదిలేశారు.

కోటు విప్పాకే కార్మికుల కేసులు మొదలయ్యాయి. బరంపురం మీదుగా పోయే రైలు బెంగాల్ నాగపూర్ రైల్వేదే. ఆ కంపెనీ కార్మికుల సంఘం పని ఆయన నెత్తిన వేసుకున్నారు. 1926లో కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీకి అధ్యక్షుడు, 1927లో జెనీవా కార్మిక మహాసభలో మన కార్మికుల ప్రతినిధి, 1928లో రైల్వే సమ్మెకు నాయకుడు. సమ్మె శాంతియుతంగా సాగి, కంపెనీ దిగివచ్చింది.

ఇన్ని వివాదాలు చూసిన బారిస్టరు చివరికి తేల్చిన మాటేమిటంటే, ఈ తగాదాలు కోర్టుకు పోకూడదు. ప్రభుత్వం బలవంతంగా ట్రిబ్యునల్‌కు పంపితే యాజమాన్యానికీ యూనియన్‌కూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడే అలవాటే పోతుందని ఆయన భయం. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక కూడా ఆ పట్టు వదల్లేదు. దానికి ‘గిరి పద్ధతి’ అని పేరే పడింది.

మరి 1954లో జరిగిందేమిటి? బ్యాంకు ఉద్యోగుల జీతాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును నెహ్రూ ప్రభుత్వం సవరించింది. గిరి రాజీనామా చేశారు. ట్రిబ్యునళ్ళే వద్దన్న మనిషి ట్రిబ్యునల్ తీర్పు కోసం మంత్రి పదవి వదులుకోవడం! విరుద్ధంగా కనిపిస్తుంది గానీ, లోపలి ప్లీడరు బయటపడింది ఇక్కడే. పెద్దమనిషి దగ్గరికి పోవద్దు. పోయాక, తీర్పు చేదుగా ఉందని చెరిపేయకూడదు.

తన సొంత కేసులో తీర్పు ఆయనకే చేదయింది. 1957లో ఆయన పోటీచేసిన పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ స్థానంలో జనరల్ సీటు కూడా గిరిజన అభ్యర్థికే దక్కింది. అలా కుదరదని గిరి కోర్టుకెక్కి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1959లో ఓడిపోయారు.

ఇంటి సంగతికొస్తే భార్య సరస్వతీబాయి, 14 మంది పిల్లలు. అంత సందడిలోనూ పుస్తకాలు రాశారు. పారిశ్రామిక సంబంధాల మీద ఒకటి, కార్మిక సమస్యల మీద ఒకటి, ఆపైన ఆత్మకథ.

1970లో మళ్ళీ సుప్రీంకోర్టు. ఈసారి సవాలుకు గురైంది రాష్ట్రపతిగా ఆయన ఎన్నిక. గిరి స్వయంగా వచ్చి సాక్షిగా నిలబడ్డారు. యాభై ఏళ్ళ కిందట ప్లీడరీ వదిలేసిన బారిస్టరును ఎదుటి లాయర్లు ప్రశ్నలడిగారు. చివరికి పిటిషన్ కొట్టేశారు.