‘మిషను’ అర్థనిర్ణయం: ఆదానపద నిఘంటు పద్ధతిపై విమర్శ

వ్యాస సంగ్రహం: ఆదానపదానికి మూలభాషలోని అర్థాన్నే తెలుగర్థంగా చూపే పద్ధతి ఎంతవరకు సమంజసమో ‘మిషను’ పదం ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది. బాపట్ల జిల్లా పర్చూరు ప్రాంత వ్యవహారాన్ని జపనీయ భాషలోని సమాన పదాలతో పోల్చి పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆదానం, అర్థసంకోచం, రూపసామ్యం, వృత్తిపదాలు.

1. సమస్య

‘మిషను అంటే యంత్రం’ అని చెప్పి ముందుకు సాగడం పరిపాటి. వ్యుత్పత్తి రీత్యా ఇందులో దోషం లేదు. గ్రీకు మూలం గల లాటిన్ ‘మాకినా’ ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలో ‘మెషీన్’ అయింది. అయితే ‘ఆమె మిషను నేర్చుకుంది’ అనే వాక్యానికి ఈ వివరణ చాలదు. అక్కడ నేర్చుకున్నది బట్టలు కుట్టే పని. పర్చూరు పరిసరాల్లో పత్తి జిన్నింగు మిల్లులు, వాటిలో యంత్రాలు పరిచితమే అయినా, ఇంటి వ్యవహారంలో విశేషణం లేని ‘మిషను’ సాధారణంగా కుట్టుమిషనే.

2. జపనీయ భాషతో పోలిక

ఇదే అర్థసంకోచం జపనీయ భాషలోనూ జరిగింది. అక్కడ ‘మిషిన్’ అంటే కుట్టుమిషను మాత్రమే. మనం ‘మిషను తొక్కడం’ అన్నట్లే వారూ ‘మిషిన్ ఒ ఫుము’ అంటారు. ‘ఫుము’ అంటే తొక్కు. అయితే యంత్రానికి ‘మషిన్’, క్రైస్తవ ప్రచార సంస్థకు ‘మిష్షొన్’ అనే వేరు రూపాలు జపనీయంలో ఉన్నాయి. తెలుగు వాడుకలో ఈ మూడర్థాలకూ ‘మిషను’ ఒక్కటే రూపం.

3. రూపసామ్యం, అర్థభేదం

గుంటూరులో 1842 నుంచి లూథరన్ మిషను, ఒంగోలులో 1866 నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషను పనిచేశాయి. ‘పంపడం’ అనే అర్థం గల లాటిన్ ధాతువు నుంచి వచ్చిన ఈ పదానికి యంత్రవాచకంతో సంబంధం లేదు. అయినా వ్యవహర్త తడబడడు. ‘ఆసుపత్రి’, ‘బడి’, ‘కాంపౌండు’ వంటి స్థలవాచకాల ముందు అది సంస్థ. ‘తొక్కు’, ‘కుట్టు’, ‘నేర్చుకొను’ వంటి క్రియలతో అది కుట్టుమిషను. రూపం చూపని భేదాన్ని సహపదం చూపుతున్నది. కనుక జపనీయ విద్యార్థి తెలుగు నేర్చుకునేటప్పుడు తన భాషలోలాగా రూపాన్ని నమ్ముకోలేడు; అతనికి ప్రయోగమే ఆధారం.

4. విమర్శ

బ్రౌన్ 1854లోనే మిశ్రభాషా నిఘంటువును వెలువరించి అన్యదేశ్యాలకు గౌరవస్థానమిచ్చాడు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం పనివారి నోటినుంచే పదాలు సేకరించే మార్గం చూపింది. ఆంగ్లాదానాల విషయంలో మాత్రం మూలార్థంతోనే తృప్తి పడే ధోరణి మనలో పోలేదు. ‘మిషను కుట్టి పిల్లల్ని చదివించింది’ అన్న వాక్యంలో ‘మిషను’ ఒక జీవనోపాధి. దానికి ‘యంత్రం’ అని మాత్రమే అర్థం రాస్తే నిఘంటువులో పనిముట్టు మిగులుతుంది, ఆ స్త్రీ వృత్తి కనుమరుగవుతుంది.

5. ముగింపు

వ్యుత్పత్తి పదం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది. ఇక్కడ ఏమైందో చెప్పదు. కాబట్టి ‘మిషను’కు రెండు వేర్వేరు ఆరోపాలు ఇవ్వాలి: ఒకటి యంత్రవాచకం, మరొకటి సంస్థావాచకం. మొదటిదానిలో కుట్టుమిషను, కుట్టుపని అనే అర్థాలను ప్రత్యేకంగా చూపి, ప్రతి అర్థానికీ సహపదాలతో కూడిన ప్రయోగాన్ని చేర్చాలి. ఇతర ఆంగ్లాదానాల పరిశీలనకూ ఈ పద్ధతి వర్తిస్తుంది.