సిటౌట్‌లో కూర్చునేదెవరు?

ఈమధ్య ఏ పత్రిక విప్పినా, ఏ ఫోను తెరిచినా ఇంటి అలంకరణ బొమ్మలే. అందులోనూ ఇంటిముందు ఖాళీ జాగా మీద అందరికీ ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. ఒకరు సిటౌట్ అంటారు, ఒకరు పేషియో అంటారు. పేషియో స్పెయిన్ వాళ్ల మాట. వాళ్లిళ్లల్లో అది నాలుగు గోడల మధ్య ఆకాశం కనిపించే ముంగిలి. మన మండువా లోగిలికి వరసకి అక్కచెల్లెలన్నమాట. అంతదూరం నుంచి అరువు తెచ్చుకున్నా, పేరు మారిందే గాని మనం ఎరగని వస్తువేం కాదు.

నేను నవలలు రాసుకునేదాన్ని. బొమ్మ చూసినా ఇందులో మనుషులెవరు, వాళ్ల కథేమిటి అని వెతకడం అలవాటు. ఈ సిటౌట్ బొమ్మల్నీ అలాగే చదివాను. వెదురు సోఫా, దానిమీద మల్లెపువ్వులాంటి తెల్ల దిండ్లు, గొలుసుకి వేలాడే గుడ్డు ఆకారపు ఉయ్యాల, కింద ప్లాస్టిక్ పచ్చిక, ఓ మూల బుద్ధుడి తల, పైన చిన్న చిన్న బల్బుల దండ. అన్నీ ఉన్నాయి, మనిషే లేదు. బట్టలారేసే తాడు లేదు, చీపురు లేదు, చేటలో ఎండుతున్న వడియాలు లేవు. బల్లమీద రెండు టీ కప్పులు మాత్రం పొగలు కక్కుతున్నాయి. అవి పెట్టి వెళ్లినావిడ ఎక్కడుందో బొమ్మ గీసినవాడు చెప్పడు. వర్ణన పేజీలకి పేజీలు సాగి, పాత్రలు మాత్రం ప్రవేశించని నవలలా ఉంటుంది ఈ వరస.

వాతావరణం సంగతీ అంతే. మే నెలలో హైదరాబాదు ఎండకి ఆ ప్లాస్టిక్ పచ్చిక మీద ఒట్టికాలు పెట్టి చూడండి, పెనం గుర్తొస్తుంది. ఆ తెల్ల దిండ్లు దుమ్ముకి వారం ఆగవు. వానొస్తే పరుగెత్తి లోపలికి మోసేదెవరు? కొన్ని బొమ్మల్లో నడిమధ్య నెగడు కూడా ఉంటుంది సుమండీ, చలి కాచుకోడానికి! మనకి చలి అని చెప్పుకోడానికి నెలో, నెలన్నరో.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మాది కిషన్‌బాగ్. జూపార్కుకి ఎంతో దూరం కాదు. కృష్ణుడి గుడి ఉంది. పేరులో బాగ్, అంటే తోట, ఉంది; తోట మాత్రం లేదు. అరవై గజాలు, ఎనభై గజాల ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. ఐనా పాత ఇళ్లల్లో తలుపు తీయగానే ఓ చిన్న ముంగిలి ఉంటుంది. ఆంగన్ అంటారు మావైపు. నాలుగు షాబాదు బండలు, ఓ నీళ్ల కుళాయి, డబ్బాలో తులసో పుదీనాయో, గోడకి ఆనించిన నవారు మంచం. చూడ్డానికి ఏమంత అందం కాదు. దాని ఉపయోగం వేరు. పాతబస్తీలో ఎంతోమంది ఆడవాళ్లు ఇంట్లోనే కూర్చుని మగ్గం పని చేసి సంపాదించుకుంటారు. సూది కొనకి పూస ఎక్కాలంటే పగటి వెలుతురు కావాలి. ఆ వెలుతురు ఇచ్చేది ఈ ముంగిలే.

మా గల్లీలో ఓ ఆపా ఉంది. ఆవిడ మగ్గం పదేళ్లుగా ముంగిట్లోనే ఉండేది. కొడుక్కి పెళ్లి సంబంధాలు రావడం మొదలయ్యాక, వచ్చేవాళ్లకి ఇల్లు బాగుండాలని అబ్బాయి ఫోనులో బొమ్మ చూపించి మేస్త్రీని పిలిచాడు. నున్నటి టైల్స్ వచ్చాయి, పైన ఫైబరు రేకు వచ్చింది, ఉయ్యాల వచ్చింది. మగ్గం లోపలి గదిలోకి, ట్యూబ్‌లైటు కిందికి వెళ్లింది. "ఇల్లు బాగుంది ఆపా" అన్నాను. "బాగుంది, కళ్లే మండుతున్నాయి" అంది.

అబ్బాయిది దురుద్దేశం కాదు. ఇంటికొచ్చేవాళ్ల కోసం ముంగిలి అనుకున్నాడు, అంతే. మన ఊళ్లో అటువంటి ముంగిళ్లూ లేకపోలేదు. చౌమహల్లాకి వెళ్లి చూడండి. 1750లో మొదలుపెట్టి, అఫ్జలుద్దౌలా కాలంలో, 1857-1869 మధ్య ముగించారు. ఆ నీటి తొట్లూ ఫౌంటెన్లూ, వాటి చుట్టూ మహళ్లూ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కాని అది దర్బారు. వచ్చినవాడు చూసి తలవంచాలని కట్టింది. తుడిచేవాళ్లు తుడుస్తారు, తెచ్చేవాళ్లు తెస్తారు. పత్రికల సిటౌట్లన్నీ ఆ దర్బారుకి చిన్న అచ్చుల్లా కనిపిస్తాయి నాకు. తేడా అల్లా, ఇక్కడ తుడిచేదీ తెచ్చేదీ ఒకావిడే.

అలాగని పాత ముంగిలిని నెత్తిన పెట్టుకోమనను. ఆ గోడలు ఎత్తుగా కట్టింది నీడకోసమే కాదు, ఇంటి ఆడది వీధికి కనబడకూడదనీ, ఆవిడకి వీధి కనబడకూడదనీ కూడా. ఐతే దాని పనితనాన్ని మాత్రం కాదనలేం. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి దిగి నాలుగు గోడల మధ్య నిలబడుతుంది, పొద్దెక్కేదాకా పక్క గదులకి అందుతుంది. సాయంత్రం బండల మీద నీళ్లు చల్లితే ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతాయి. పైన రేకు వేశామా, ఆ గాలి దిగే దారి మూసుకుపోయినట్టే.

క్రిస్టఫర్ అలెగ్జాండర్ అని అమెరికాలో పాఠాలు చెప్పిన ఒక వాస్తుశిల్పి, తన తోటివాళ్లతో కలిసి 1977లో ఓ లావుపాటి పుస్తకం వేశాడు. ఇంటి గురించీ ఊరి గురించీ 253 సూత్రాలున్నాయి అందులో. ఆరడుగుల లోతు లేని బాల్కనీలో ఎవరూ కూర్చోరంటాడు. నలుగురు ఎదురెదురుగా కూర్చుని మధ్యన చిన్న బల్ల వేసుకోవాలంటే ఆపాటి చోటు ఉండాలట. నిజమే! మన అపార్టుమెంట్ల బాల్కనీల్లో బకెట్లూ చీపుర్లూ ఎందుకు కాపరముంటాయో ఆ ముక్కతో తెలిసిపోయింది. ముంగిలి గురించి ఆయన చెప్పింది ఇంకా నచ్చింది నాకు. దానిలోకి ఒక్క తలుపే ఉంటే అది చచ్చిపోతుందిట. రెండు మూడు తలుపులు తెరుచుకుని, ఇంట్లోవాళ్లు పనుల మీద దాన్ని దాటుతూ ఉంటేనే బతుకుతుందిట. ఆ తలుపుల్లో ఒకటి వంటింటిది కావాలని నేను కలుపుతాను. కనీసం ఓ కిటికీ, గట్టుతో సహా. టీ కప్పు చేతికందే దూరంలో ఉంటే, పెట్టినావిడ కూడా వచ్చి కూర్చోవచ్చు. వంటింటికి వెనకాలా, సిటౌట్‌కి ముందరా ఇల్లు కట్టుకున్నంతకాలం ఆ కబుర్లు ఆవిడకి గోడ అవతలి మాటలే.

సోఫా బదులు చెక్క తఖ్తు నయం. పగలు దానిమీద కూరలు తరుక్కోవచ్చు, పిల్లాడు పడుకోవచ్చు. సాయంత్రం దుప్పటి మారిస్తే నలుగురు చుట్టాలకి సరిపోతుంది. నున్నటి టైల్స్ వానాకాలంలో నడుములు విరగ్గొడతాయి, గరుకు బండే మేలు. దీపం ఒక్కటి చాలు, కంట్లో కొట్టకుండా పక్కగోడకి.

మొన్న ఆపా ఇంట్లో ముంగిలి పైరేకు సగం తీయించారు. పెళ్లి కుదిరింది, వచ్చే కోడలికీ మగ్గం పని వచ్చు. ఇప్పుడు అత్త మగ్గం పగలంతా బండిళ్లు పరిచినట్టు నడిముంగిట్లో ఉంటుంది, చుట్టాలొస్తే నిలబెట్టి గోడకి చేరవేస్తారు. ఉయ్యాలని మాత్రం ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ప్రస్తుతానికి దాన్లో ఉతికిన బట్టల మూట కూర్చుంటోంది.