శకవర్షానికి 78 కలిపితే చాలునా? : సాహిత్యచరిత్రలో తేదీల నిర్ణయం - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: శాసనాలలోని శకవర్షాన్ని క్రీస్తుశకంలోకి మార్చే పద్ధతి తెలుగు సాహిత్య పరిశోధనలో యాంత్రికంగా మారింది. రాజరాజనరేంద్రుని పట్టాభిషేక తిథి, శ్రీకృష్ణదేవరాయల హంపి శాసనం ఆధారంగా ఈ పద్ధతిలోని లోపాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: శకవర్షం, గతాబ్దం, వర్తమానాబ్దం, తిథి, జూలియన్ పంచాంగం, శాసన కాలనిర్ణయం.

1. సమస్య

శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందన్న సూత్రాన్ని ఎం.ఏ. విద్యార్థి మొదలు సిద్ధాంత గ్రంథకర్త వరకు అందరూ వాడుతున్నారు. సూత్రం తప్పు కాదు, అసంపూర్ణం. శకవర్షం చైత్రంతో మొదలవుతుంది. కనుక పుష్యం చివర, మాఘ ఫాల్గుణాలలో పడే తేదీలకు సాధారణంగా 79 కలపాలి. అంతకన్నా చిక్కైన ప్రశ్న, శాసనం చెప్పిన సంఖ్య గడిచిన సంవత్సరానిదా, నడుస్తున్న సంవత్సరానిదా అన్నది. దక్షిణాదిలో గతాబ్ద గణనే ఎక్కువ, వర్తమానాబ్ద గణన కూడా అక్కడక్కడ కనిపిస్తుంది. రెండింటికీ తేడా ఒక్క సంవత్సరమే. కానీ కవి కాలాన్ని రాజు పాలనాకాలంతో ముడిపెట్టే మన సాహిత్యచరిత్రలో ఆ ఒక్క సంవత్సరం చాలా వాటిని కదిలిస్తుంది.

2. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకం

కోరుమెల్లి తామ్రశాసనం రాజరాజు పట్టాభిషేక కాలాన్ని భూతసంఖ్యలతో చెబుతుంది. వేదాలు నాలుగు, అంబురాశులు నాలుగు, నిధులు తొమ్మిది. అంకెలను కుడినుంచి ఎడమకు పేర్చాలి కనుక శకం 944. సూర్యుడు సింహరాశిలో ఉన్నాడు. తిథి కృష్ణపక్ష ద్వితీయ, వారం గురువారం, నక్షత్రం ఉత్తరాభాద్ర. దీనికి పరిశోధకులు నిర్ణయించిన తేదీ క్రీ.శ. 1022 ఆగస్టు 16. చాలామంది ఈ తేదీని ఉటంకిస్తారు, అది ఎలా వచ్చిందో చూపేవారు అరుదు.

లెక్క కష్టమైనదేమీ కాదు. 1022 ఆగస్టు 16 జూలియన్ దినసంఖ్య 20,94,571. దీన్ని 7తో భాగిస్తే శేషం 3. సోమవారాన్ని సున్నాగా లెక్కిస్తే 3 గురువారం. తిథి కోసం ఆధునిక కాలంలో తెలిసిన ఒక అమావాస్యను, అంటే 2000 జనవరి 6ను తీసుకుందాం. రెండింటి మధ్య దాదాపు 3,56,979 రోజులున్నాయి. సగటు చాంద్రమాసం 29.530589 రోజులు. ఈ లెక్కన 12,088 చాంద్రమాసాలు పోగా సుమారు 13.5 రోజులు మిగులుతాయి. అంటే ఆనాటికి అమావాస్య గడిచి దాదాపు 16 రోజులయింది. అది పదిహేడవ తిథి, బహుళ ద్వితీయ. ఇది సగటు గణన మాత్రమే, నిజ తిథి కొన్ని గంటలు ముందువెనుకలు కావచ్చు. సింహ సంక్రమణం ఆ ఏడు జూలై చివరి వారంలో జరిగింది కనుక సూర్యుని స్థానం సరిపోతుంది. సూర్యుని నుంచి పదహారు తిథుల పైచిలుకు దూరం లెక్కిస్తే చంద్రుడు ఉత్తరాభాద్రలోనే ఉంటాడు.

ఇప్పుడు 944ను వర్తమానాబ్దంగా భావించి 1021కి వెళ్దాం. ఆ ఏడు సింహమాసంలో బహుళ ద్వితీయ రెండుసార్లు తగులుతుంది. సౌరమాసం 31 రోజులు, చాంద్రమాసం 29.5 రోజులు కావడమే ఇందుకు కారణం. జూలై చివర వచ్చేది శుక్రవారం ప్రాంతంలో పడుతుంది, దానికి నక్షత్రం కూడా కుదరదు. ఆగస్టు చివరిది శనివారం ప్రాంతంలో పడుతుంది, గురువారం రాదు. కనుక గతాబ్ద గణనే నిలుస్తుంది.

నన్నయ కాలనిర్ణయానికి దీనితో నేరుగా సంబంధముంది. నన్నయభట్టు రచించిన నందంపూడి శాసనం రాజరాజు 32వ పాలనా సంవత్సరంలో, చంద్రగ్రహణ సందర్భంలో ఇచ్చినది. సాధారణంగా అంగీకరించిన తేదీ 1053 నవంబరు 28, ఆ రోజు పౌర్ణమి. 1022 ఆగస్టు నుంచి లెక్కిస్తే 32వ సంవత్సరం 1053 ఆగస్టు నుంచి 1054 ఆగస్టు వరకు నడుస్తుంది, ఆ నవంబరు అందులో ఇముడుతుంది. 1021 నుంచి లెక్కిస్తే అది 33వ ఏడవుతుంది.

3. యంత్రాలు చెప్పే వారం

నేటి పరిశోధకుడు స్వామికన్ను పిళ్ళై 'ఇండియన్ ఎఫిమెరిస్' సంపుటాలు తెరవడం లేదు, కంప్యూటర్‌ను అడుగుతున్నాడు. 1582కు పూర్వపు తేదీలను చరిత్రకారులు జూలియన్ పంచాంగంలో రాస్తారు. చాలా సాఫ్ట్‌వేర్లు గ్రెగోరియన్ పంచాంగాన్నే వెనక్కి పొడిగిస్తాయి. పదకొండవ శతాబ్దిలో ఆ రెండింటికీ తేడా 6 రోజులు. అందువల్ల 1022 ఆగస్టు 16 ఆ సాఫ్ట్‌వేర్లలో శుక్రవారంగా కనిపిస్తుంది. ఇది చూసి శాసనాన్నే శంకిస్తే తప్పు శాసనానిది కాదు. 'శక' అన్న ఎంపిక కూడా కొన్నింటిలో 1957లో భారత ప్రభుత్వం ప్రవేశపెట్టిన జాతీయ పంచాంగానిది. దానిలో మాసాలు సౌరమానంలో స్థిరపడినవి, తిథితో వాటికి పని లేదు.

4. హంపి శాసనం: అంకె, పేరు

విరూపాక్షాలయంలోని రాయల శాసనం మరో రకం సమస్య. అది శక 1430 అంటుంది, శుక్ల సంవత్సర మాఘ శుద్ధ చతుర్దశి అని కూడా అంటుంది. 1430ని గతాబ్దంగా తీసుకుంటే తేదీ 1509 ఫిబ్రవరి 3 ప్రాంతం. కానీ ఆ సంవత్సరం విభవ. శుక్లను పాటిస్తే 1510 జనవరి 23 ప్రాంతం, శకవర్షం 1431 కావాలి. అంకె, పేరు పరస్పరం విభేదిస్తున్నాయి. నా అభిప్రాయంలో పేరుకే ప్రాధాన్యం ఇవ్వాలి. సామాన్యులు ఏడాదిని పేరుతోనే గుర్తుంచుకునేవారు, లెక్కించి వేసే అంకెలో పొరపాటుకు అవకాశం ఎక్కువ.

శాసనం పట్టాభిషేకోత్సవాన్ని ప్రస్తావించడం వల్ల కొందరు ఆ తిథినే పట్టాభిషేక దినంగా భావించారు. ఎక్కువమంది 1509 ఆగస్టు 8, శ్రీజయంతిని అంగీకరించారు. ఆ రోజు నిజంగానే శ్రావణ బహుళ అష్టమి అవుతుంది (ఉత్తరాది పూర్ణిమాంత గణనలో అదే భాద్రపదం). అయితే కృష్ణాష్టమి అని ముందే అనుకొని వెతికిన తేదీ కృష్ణాష్టమికి సరిపోవడం రుజువు కాదు. రాజరాజు విషయంలో శకవర్షం, సౌరమాసం, తిథి, వారం, నక్షత్రం విడివిడిగా సాక్ష్యమిస్తున్నాయి. ఇక్కడ గణితానికి పరీక్షించవలసిన వారమే లేదు. హంపి శాసనం ఏ రోజుదో గణితం చెప్పగలదు. ఆనాటి ఉత్సవం పట్టాభిషేకమా, దాని సందర్భంగా తర్వాత జరిగిన దానమా అన్నది శాసనపాఠాన్ని చదివి తేల్చవలసిన విషయం.