హాజరుపట్టీ పక్షాన

ఈ వారం చిరాకు పెట్టింది ఒక ఆహ్వానపత్రం. పెంపుడు జంతువుల డాక్టర్ల కోసం రెండు రోజుల నిరంతర విద్యా సదస్సట. పెద్ద హోటల్లో వేదిక, పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకదాని వెనక ఒకటిగా ఉపన్యాసాలు, ఖర్చు మందుల కంపెనీలదీ పెట్‌ఫుడ్ కంపెనీలదీ, వచ్చినవారందరికీ చివర్లో సర్టిఫికెట్. టీచర్ల శిక్షణ గురించి, నర్సుల శిక్షణ గురించి రాసినప్పుడు ఈ కాలమ్ ఏం వాదించిందో పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మనిషి కుర్చీలో కూర్చున్న గంటలను కొలిచి దానికి చదువని పేరు పెట్టడం నాకు ఎన్నడూ సమ్మతం కాలేదు. బ్రిటన్‌లో పశువైద్యులు ఏటా 35 గంటలు నేర్చుకున్నట్టు చూపించాలి. కాలిఫోర్నియాలో లైసెన్సు నిలవాలంటే రెండేళ్లకు 36 గంటలు కావాలి. మన దేశంలో 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం రిజిస్ట్రేషన్ కొనసాగించడానికి అడిగేది రుసుము. మనమూ గంటల లెక్క పెట్టాలనేవారు ఉన్నారు. హోటల్ సదస్సులు ఇంకో పది పెరగడం తప్ప దానివల్ల ఒరిగేదేమిటన్నది నా మొదటి ప్రశ్న.

పట్టా పుచ్చుకున్నాక కూడా చదవాలా వద్దా అన్నదాంట్లో తగాదా లేదు. పిల్లి గుండె కథ ఒక్కటి చాలు. 1980ల మొదట్లో చదువుకున్న పశువైద్యులకు, పిల్లుల్లో గుండె కండరం సాగిపోయి బలహీనపడే జబ్బుకు కారణం తెలియదనే చెప్పారు. మందులతో కొన్నాళ్లు నెట్టుకురావడమే అప్పటి వైద్యం. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో పనిచేస్తున్న పాల్ పయన్, ఆయన సహచరులు 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. టారిన్ అనే పదార్థం రక్తంలో తగ్గిపోవడానికీ ఈ జబ్బుకూ సంబంధముందని, టారిన్ ఇస్తే గుండె తిరిగి కోలుకుంటోందని అందులో చూపించారు. పిల్లి ఒళ్లు టారిన్‌ను తనకు చాలినంత తయారుచేసుకోలేదు. అది మాంసం నుంచో చేప నుంచో రావాలి. ఆ లోపంతో కంటి లోపలి పొర పాడవుతుందని 1975 నుంచే తెలుసు కానీ గుండె దాకా ఎవరి ఆలోచనా పోలేదు. ఇందులో అసలు విషయం మరొకటుంది. జబ్బుపడ్డ పిల్లులు తిన్నది చెత్త తిండి కాదు, అప్పటి ప్రమాణాల ప్రకారం టారిన్ సరిపడా ఉన్న తయారీ ఆహారం. తప్పు ఆ ప్రమాణంలోనే ఉంది. కంపెనీలు టారిన్ పాలు పెంచాక కొన్నేళ్లకే ఆ జబ్బు అరుదైపోయింది. ఇది అమెరికా కథే అయినా మన ఇళ్లకు దూరమైనదేమీ కాదు. వెనకటి రోజుల్లో పాలన్నం, పెరుగన్నం తిన్న పిల్లి పెరట్లో ఎలుకనో బల్లినో పట్టుకుని ఆ లోటు తీర్చుకునేది. అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో, శాకాహారుల ఇంట్లో, గడప దాటకుండా పెరిగే పిల్లికి ఆ దారి లేదు. దాని ఆయాసం చూసిన డాక్టరు గుండె మందుతో పాటు ఏం పెడుతున్నారని కూడా అడగాలంటే 1987 సంగతి ఆయనకు తెలిసి ఉండాలి.

ఇలా మారినవి చాలా ఉన్నాయి. కుక్కపిల్లకు వేసే పార్వో, డిస్టెంపర్ టీకాల వరసలో చివరి డోసు 16 వారాల వయసులోనో ఆ తర్వాతో పడాలని, పెద్దయ్యాక ఆ టీకాలను మూడేళ్లకంటే ముందు మళ్లీ వేయనక్కర్లేదని ప్రపంచ చిన్నజంతు పశువైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. లెప్టోస్పైరోసిస్ టీకాకు మాత్రం ఏటా బూస్టర్ కావాలి. ఆ జబ్బు ఉన్న ప్రాంతాల్లో దాన్ని తప్పనిసరి టీకాల్లో చేర్చాలని 2024 నాటి కొత్త ప్రతి అంటోంది. ఎప్పుడో ఒకసారి మూత్రాశయానికి ఇన్ఫెక్షన్ సోకిన కుక్కకు రెండు వారాల యాంటీబయాటిక్ రాయడం పాత అలవాటు. 2019 నుంచి అంతర్జాతీయ సిఫార్సు మూడు నుంచి ఐదు రోజులే. మన ఇళ్లలో ముసలితనానికి వచ్చిన పామరేనియన్ల లాంటి చిన్న జాతి కుక్కలకు గుండె కవాటం జబ్బు మామూలు. గుండె పెద్దదై ఇంకా ఆయాసం మొదలవని దశలోనే పిమోబెండాన్ మొదలుపెడితే గుండె చేతులెత్తేసే రోజు సుమారు 15 నెలలు వెనక్కి జరుగుతుందని 2016లో తేలింది. ఇవేవీ దాచిపెట్టిన విద్యలు కావు. టీకాల మార్గదర్శకాలు, మూత్రపిండాల జబ్బును దశలుగా విభజించే పట్టికలు, గుండె ఆగిన జంతువును బతికించే పద్ధతులు అన్నీ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. 1955లో మొదటిసారి అచ్చయిన మెర్క్ పశువైద్య గ్రంథం కూడా ఇప్పుడు ఉచితమే. జ్ఞానం ఇంత చేరువలో ఉన్నప్పుడు హోటల్ ఎందుకు, సర్టిఫికెట్ ఎందుకు, తనకు ఏది అవసరమో చూసుకుని డాక్టరే చదువుకోవచ్చు కదా అన్నది నా వాదన.

ఉపన్యాసాల వల్ల వైద్యం మారదనడానికి ఆధారాలూ ఉన్నాయి. ఇవి మనుషుల వైద్యుల మీద జరిగిన పరిశోధనలు. 1999లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో డేవ్ డేవిస్ బృందం చేసిన సమీక్ష ప్రకారం, కూర్చోబెట్టి చెప్పిన పాఠం వైద్యుడు చేసే పనిని మార్చలేదు. చేతితో చేయించినవి, చర్చ పెట్టినవి మాత్రం కొంత మార్చాయి. పదేళ్ల తర్వాత కోక్రేన్ సమీక్ష 81 ప్రయోగాలను కలిపి చూస్తే, విద్యా సమావేశాల వల్ల వైద్యుల పనితీరులో వచ్చిన మెరుగుదల మధ్యస్థంగా 6 శాతం. ఇక్కడితో వ్యాసం ముగించి, గంటల లెక్క వద్దు, డాక్టర్లను వాళ్ల మానాన వదిలేయండి అని రాయవచ్చు.

అయితే అదే డేవిస్ బృందం 2006లో మరో ప్రశ్న వేసింది. తనకు ఏది తెలియదో డాక్టరుకు తెలుసా? వైద్యులు తమకు తాము వేసుకున్న మార్కులను, బయటివారు పరీక్షించి వేసిన మార్కులతో పోల్చిన 20 సందర్భాలను చూస్తే 13 చోట్ల రెండింటికీ పొంతన లేదు, లేదా పొంతన అతి తక్కువ, కొన్నిచోట్ల తలకిందులు. నైపుణ్యం తక్కువై ధీమా ఎక్కువైనవారి అంచనాలే అన్నిటికంటే ఎక్కువ తప్పాయి. అంతకు ఏడాది ముందు వచ్చిన ఇంకో సమీక్షలో, అనుభవం పెరిగేకొద్దీ వైద్యం నాణ్యత తగ్గుతున్నట్టు సగానికి పైగా అధ్యయనాల్లో కనిపించింది. నా వాదన మొత్తం ఒకే నమ్మకం మీద నిలబడింది. డాక్టరు తన లోటును తానే గుర్తించి ఉచితంగా దొరికే పుస్తకం తెరుస్తాడన్న నమ్మకం అది. ఆ లోటే కనబడకపోతే పుస్తకం ఉచితమైనా లాభం లేదు. మూత్రానికి రెండు వారాల మందు రాయడం సరైనదేనని నమ్మేవాడు కొత్త సిఫార్సు కోసం వెతకడు.

మనుషుల డాక్టర్ల లెక్కలు పశువైద్యులకు ఎలా వర్తిస్తాయన్న అభ్యంతరం న్యాయమైనదే. నాకు తోచేదేమిటంటే, పశువైద్యుడి పరిస్థితి ఇంకా కష్టం. రోగి మాట్లాడదు. నయం కాకపోతే యజమాని తిరిగొచ్చి చెప్పడు, పక్క వీధి క్లినిక్‌కు వెళ్తాడు. చనిపోయిన కుక్కను పెరట్లోనో ఊరి బయటో పూడ్చిపెడతారు తప్ప కోసి చూసి కారణం తేల్చేది ఎప్పుడో ఒకసారి. జ్వరమని పారాసెటమాల్ మాత్ర ఇంట్లోనే వేస్తే పిల్లి ప్రాణం పోతుంది, పిల్లి కాలేయం దాన్ని విరిచేయలేదు. ఆ సంగతి క్లినిక్ దాకా రాకపోతే, ముందుసారి చెప్పి ఉండాల్సిందని ఆ డాక్టరుకు తెలిసే దారే లేదు. పైగా మన పశువైద్య కళాశాలల పాఠ్యప్రణాళికలో గేదె, ఆవు, గొర్రె, కోడిదే పెద్దపీట. రైతు రాష్ట్రాల్లో అది సబబే. కానీ ఆ చదువుతో బయటికొచ్చి పట్నంలో పెట్ క్లినిక్ తెరిచినవారు చాలా భాగం ఒంటరిగా, చెయ్యగా చెయ్యగా నేర్చుకుంటున్నారు. తప్పు చేసినప్పుడు ఇది తప్పని చెప్పేవాళ్లు పక్కన లేని వృత్తి ఇది. ఇలాంటి చోట నేర్చుకోవడాన్ని ఇష్టానికి వదిలేస్తే ఇప్పటికే బాగా చేస్తున్నవారే ఇంకా నేర్చుకుంటారు. నిర్బంధం అవసరమైనది మిగతావారి కోసం, వారి చేతిలో పడే జంతువుల కోసం.

కాబట్టి హాజరుపట్టీ కావాలి. గంటల లెక్క కూడా కావాలి, ఎందుకంటే క్లినిక్ ఒక పూట మూసి రావడానికి ఒంటరి డాక్టరుకు అంతకంటే గట్టి కారణం దొరకదు. ఆ గంటల్లో ఏం జరగాలన్నదే తేల్చుకోవాలి. బ్రిటన్ ఒక్క గంటలతో ఆగలేదు. నేర్చుకున్నది తన పనిలో ఏం మార్చిందో రాసిపెట్టమని కూడా 2022 నుంచి తప్పనిసరి చేసింది. అక్కడే కుక్కలు, పిల్లుల స్టెరిలైజేషన్ ఆపరేషన్ల తర్వాత ఎన్నింటికి ఇబ్బంది వచ్చిందో క్లినిక్‌లు తమ లెక్కలు పంపి జాతీయ సగటుతో పోల్చుకునే ఏర్పాటు ఉంది. నేను గట్టిగా అడిగేది ఇలాంటిదే. డాక్టరు తన చివరి 50 ఆపరేషన్లలో ఎన్నింటికి కుట్లు చీము పట్టాయో తెచ్చి నలుగురి ముందు పెట్టాలి. ఒకే ఊళ్లో పోటీపడే డాక్టర్లు ఒకరి ముందు ఒకరు ఇలాంటివి విప్పరని అంటారు. ఆ మాటలో నిజముంది. అందుకే పేర్లు తీసేసిన లెక్కలతో మొదలుపెట్టాలి, ఆ లెక్కలు ఫిర్యాదులకు వాడకూడదని నియమం ఉండాలి. ఖర్చు మాటా వస్తుంది. టీకాలు అమ్మేవారి డబ్బుతో జరిగే సభలో ఏటా టీకా అక్కర్లేదన్న పాఠం ఎవరు పెడతారు? రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు కళాశాలల్లో తరగతి గదులున్నాయి, బోధించేవారున్నారు. అక్కడ నెలకో ఆదివారం, తెలుగులో, ఆ జిల్లాల డాక్టర్లు తెచ్చిన కేసుల మీద కూర్చోవచ్చు. తెలుగులో ఎందుకంటే, ఏటా వేయాల్సిన టీకా ఏదో అక్కర్లేనిది ఏదో మర్నాడు కుక్క యజమానికి చెప్పాల్సింది ఆ భాషలోనే. టీకాల ఆదాయం తగ్గుతుందన్న భయానికీ అక్కడే జవాబు వెతకవచ్చు. టీకా లేని ఏడాది కూడా పళ్లు, గుండె, బరువు చూసి ఆ పరీక్షకు రుసుము తీసుకోవడం న్యాయమైన సంపాదనే. రిజిస్ట్రేషన్ రుసుము తీసుకునే రాష్ట్ర మండళ్లు అందులో కొంత ఈ ఆదివారాలకు కేటాయించి, హాజరుపట్టీని కంపెనీల చేతికి ఇవ్వకుండా తమ దగ్గరే ఉంచుకోవాలి.