పాట మీద కట్టిన బొమ్మల సినిమా

విడుదలైన ఒక పాటను తీసుకుని, దానికి బొమ్మలు గీసి కదిలించిన ఔత్సాహికుల లఘుచిత్రాల్లో జపాన్‌కు చెందిన ‘డైకాన్ 4’ ప్రారంభ చిత్రానిది ప్రత్యేక స్థానం. 1983 ఆగస్టులో ఒసాకాలో ‘డైకాన్ 4’ పేరుతో జరిగిన 22వ జపాన్ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనం ప్రారంభంలో దీన్ని ప్రదర్శించారు. తీసింది పేరున్న స్టూడియో కాదు, ‘డైకాన్ ఫిల్మ్’ అనే విద్యార్థుల, అభిమానుల బృందం. ముఖ్యులైన హిదేయాకి అన్నో, హిరోయుకి యమాగా, తకామి అకాయ్ ఒసాకా కళా విశ్వవిద్యాలయంలో సహాధ్యాయులు. పాట బ్రిటిష్ బృందం ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా 1981లో తెచ్చిన ‘ట్వైలైట్’. సుమారు ఐదున్నర నిమిషాల ఈ చిత్రాన్ని నిదానంగా పరిశీలిస్తే, ఈ కోవ చిత్రాలను ఎలా బేరీజు వేయాలో తెలుస్తుంది.

ముందుగా తేల్చుకోవలసింది, చూస్తున్నప్పుడు కలిగిన ఉత్సాహం పాటదా, బొమ్మదా అన్నది. ఊపున్న పాటకు ఏ బొమ్మ జతచేసినా కొంత రక్తి కడుతుంది. అందుకే విమర్శకుడు ఒకసారైనా శబ్దం ఆపేసి చూడాలి. పాట ఆగగానే చాలా చిత్రాలు చప్పబడిపోతాయి. పాత్రలు బరువు లేకుండా తేలుతున్నాయని, ఒక దృశ్యానికీ మరోదానికీ పొంతన లేదని అప్పుడే కంటికి తెలుస్తుంది. ‘డైకాన్ 4’ ఈ పరీక్షకు నిలుస్తుంది. కుందేలు చెవుల దుస్తుల్లో ఉన్న అమ్మాయి ఎగిరే కత్తి మీద నిలబడి దూసుకుపోయే ఘట్టం నిశ్శబ్దంలోనూ అంతే వేగంగా అనిపిస్తుంది. ఆ వేగం గీతలోనే ఉంది.

ఆ తర్వాత చూడవలసింది లెక్క. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు చాలు. పాట నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడుస్తుంటే, దెబ్బకూ దెబ్బకూ మధ్య 12 ఫ్రేములు, అంటే 6 బొమ్మలు. పిడికిలి ఎత్తడం, విసరడం, తగలడం అన్నీ ఆ ఆరింటిలోనే ఇమడాలి. తగిలే బొమ్మ దెబ్బ వినబడడానికి ఒకటి రెండు ఫ్రేముల ముందు పడితేనే రెండూ కలిసినట్టు అనిపిస్తుందన్నది యానిమేటర్ల అనుభవం. కొత్తవాళ్ల చిత్రాల్లో ‘ఎందుకో ఆలస్యంగా ఉంది’ అనిపించే చోట్ల లోపం తరచుగా ఇదే.

అయితే ప్రతి దెబ్బకూ ఒక గెంతో, ఒక దృశ్యం మార్పో పెట్టడం తాళం పట్టడం కాదు. మొదట ముచ్చటగా ఉన్నది కాసేపటికే విసుగు పుట్టిస్తుంది. పాట మొత్తం నడకను పట్టుకోవడం అంతకన్నా కష్టం. పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ బొమ్మ ఏం చేయాలి? స్టూడియో జిబ్లీలో హయావో మియజాకి 1995లో ఛాగే, ఆస్కా ద్వయం పాటకు తీసిన ‘ఆన్ యువర్ మార్క్’లో దీనికి చక్కటి జవాబు దొరుకుతుంది. రెక్కలున్న అమ్మాయిని ఇద్దరు పోలీసులు కాపాడే కథ అది. పాట లాగే ఆ కథా వెనక్కి తిరిగొచ్చి, మరో ముగింపు వైపు సాగుతుంది. నిపుణుల పనే అయినా, ఔత్సాహికులు నేర్చుకోవలసిన నిర్మాణం అందులో ఉంది.

‘డైకాన్ 4’ మరో దారి పట్టింది. పోరాటాల మీద పోరాటాలు పేర్చుకుంటూ వెళ్లి, నగరాన్ని పూరేకుల వానతో కమ్మేసి, పేలుడుతో ప్రపంచాన్ని ఛిద్రం చేసి, ఆ శిథిలాల నుంచి పచ్చదనాన్ని మొలిపిస్తుంది. పేలుడును ఒక మెరుపుగా చూపి వదిలేయలేదు. ఒత్తిడి అలలా సాగడం, భవనాలు పగిలి ముక్కలు ఎగరడం ఓపికగా గీశారు. మరుసటి ఏడాది మియజాకి ‘నౌసికా’లో మహాయోధుడి ఘట్టాన్ని అన్నో చేతిలో పెట్టారంటే ఆశ్చర్యం లేదు.

లోపాలు ఎంచేటప్పుడు పేదరికం వల్ల వచ్చినవాటినీ, అశ్రద్ధ వల్ల వచ్చినవాటినీ వేరు చేయాలి. ఇదే బృందం 1981లో ‘డైకాన్ 3’ని 8 ఎంఎం ఫిల్ము మీద తీసింది. యానిమేషన్‌కు వాడే సెల్ పలకలు కొనే స్తోమత లేక వినైల్ పలకల మీద గీశారు. అలాంటి పనిలో రంగు మినుకుమినుకుమంటే తప్పు పట్టనక్కర్లేదు. పాత్ర చూపుకు లక్ష్యం లేకపోతే మాత్రం పట్టాలి.

‘డైకాన్ 4’కూ అసలైన బలహీనతలున్నాయి. తెర నిండా డార్త్ వేడర్ వంటి అరువు పాత్రలే; వాళ్లను ఎరగని ప్రేక్షకుడికి సగం ఆనందం అందదు. అమ్మాయి అన్నిటినీ జయిస్తుంది, కానీ ఆమెకు ఏం కావాలో చిత్రం చెప్పదు. ఆమె దుస్తుల ఎంపికలో కుర్రకారు చూపు దాగలేదు. ఇవి బడ్జెట్ తెచ్చిన లోపాలు కావు, ఆలోచనలో లోపాలు. పాటకు అనుమతి తీసుకోకపోవడం మరో చిక్కు: చిత్రానికి ప్రాణం పోసిన పాటే దాని అధికారిక విడుదలకు అడ్డుపడింది.

విమర్శ ఆ చిత్రం తీసినవారికి పనికొచ్చేలా ఉండాలంటే ‘బాగుంది’, ‘బోరు కొట్టింది’ అంటే సరిపోదు. రెండో చరణం మొదట్లో దూకిన పాత్ర నేల తాకినప్పుడు మోకాళ్లు వంగలేదు అని చెబితే, వాళ్లు ఆ నాలుగు బొమ్మలూ మళ్లీ గీసుకోగలరు.

డైకాన్ బృందంలోని వాళ్లు 1984లో గైనాక్స్ స్టూడియో స్థాపించారు. యమాగా 1987లో ‘వింగ్స్ ఆఫ్ హొన్నేయామిస్’, అన్నో 1995లో ‘ఇవాంజెలియన్’ తీశారు. 2005లో ‘దెన్షా ఒతోకో’ టీవీ ధారావాహిక తన ప్రారంభ దృశ్యానికి ‘ట్వైలైట్’ పాటనే తీసుకుని, ‘డైకాన్ 4’ను గుర్తు చేస్తూ యానిమేషన్ అమ్మాయిని ఆకాశంలో ఎగరేసింది.