73 ఓవర్లు వేశాక

పాత స్కోర్‌కార్డులు చదవడం నాకున్న వ్యసనాల్లో కాస్త మర్యాదైనది. ఒకే పేరు బ్యాటింగులోనూ బౌలింగులోనూ కనబడితే అక్కడ ఆగిపోతాను. అతను ఏ పని ముందు చేశాడు, దాని తర్వాత ఒంట్లో ఏం మిగిలి ఉంటుంది అని లెక్కేసుకుంటాను. బ్యాటింగ్ సగటులోంచి బౌలింగ్ సగటు తీసేసి ఆల్‌రౌండర్లకు మార్కులు వేసేవాళ్ళతో నా పేచీ అంతా ఇక్కడే. ఆ పద్ధతిలో భారత ఆల్‌రౌండర్ వినూ మన్కడ్ తప్పుతాడు. 44 టెస్టుల్లో 2,109 పరుగులు, సగటు 31.47. తీసిన వికెట్లు 162, ఒక్కోదానికి ఇచ్చుకున్నది 32.32.

ఇప్పుడు 1952 జూన్, లార్డ్స్ టెస్టు కార్డు చూడండి. ఆ ఏడాది ఇంగ్లండ్ వెళ్ళిన ఇండియా టూర్ జట్టులో మన్కడ్ అసలు లేడు. చోటు ఖాయమని బోర్డు ముందుగా మాట ఇవ్వకపోవడంతో లాంకషైర్ లీగ్‌లో హేస్లింగ్డెన్ క్లబ్బుకు ఆడుకుంటున్నాడు. హెడింగ్లీలో మొదటి టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో ఇండియా పరుగేమీ చేయకుండానే నాలుగు వికెట్లు పోగొట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చాడు మన్కడ్. క్లబ్బును బతిమాలి తెచ్చుకున్నారు.

వచ్చినవాడు ఓపెనర్‌గా దిగి 72 కొట్టాడు. తర్వాత బంతి అందుకున్నాడు. అవతలి కొస నుంచి మన హైదరాబాదీ గులాం అహ్మద్ సాయం ఉన్నా, ఇంగ్లండ్ తరఫున హట్టన్ 150, ఎవాన్స్ 104 చేస్తుంటే మన్కడ్ 73 ఓవర్లు వేయాల్సి వచ్చింది. 196 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ 537కి ఆలౌటయింది. బౌలర్లు కాళ్ళు చాపుకునే వేళకి ఇతను ప్యాడ్లు కట్టుకుని కొత్త బంతితో వచ్చే బెడ్సర్, ట్రూమన్‌ల ముందు నిలబడి 184 చేశాడు. అప్పటికి టెస్టుల్లో భారతీయుడు చేసిన అత్యధిక స్కోరు అది. చివర్లో ఇంగ్లండ్ 79 పరుగులు కొట్టి గెలుస్తుంటే మరో 24 ఓవర్లు వేశాడు.

ఒళ్ళు అలిసిపోవడం ఒక ఎత్తు. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది బుద్ధి మార్చుకోవడం. మన్కడ్ లాంటి ఎడమచేతి స్పిన్నర్ పని బ్యాట్స్‌మన్‌ను ఊరించడం. బంతిని కాస్త గాల్లో వదిలి, ఇదిగో అందింది అనిపించి, క్రీజు దాటించడం. అంతకు నాలుగు నెలల ముందు మద్రాసులో ఇండియా మొట్టమొదటి టెస్టు గెలుపు ఇలా వచ్చిందే. మన్కడ్ 55 పరుగులకు 8 వికెట్లు తీసిన ఆ ఇన్నింగ్స్‌లో కీపర్ ఖోఖన్ సేన్ నాలుగు స్టంపింగులు చేశాడు. నలుగురు ముందుకొచ్చి మోసపోయారన్నమాట. ఓపెనర్ పని దీనికి సరిగ్గా తలకిందులు. ఎవడెంత ఊరించినా కదలకూడదు. పొద్దంతా ఆశ పెట్టినవాడు ఆ వెంటనే ఆశను చంపుకుని ఆడాలి. ఈ మార్పు ఏ సగటులోనూ పడదు.

  

వెయ్యి పరుగులు, వంద వికెట్లు 23 టెస్టుల్లో పూర్తిచేశాడు. బోథమ్ వచ్చేదాకా అంత తొందరగా ఇంకెవరూ చేయలేదు. ఒకటి నుంచి పదకొండు దాకా అన్ని స్థానాల్లోనూ బ్యాటింగ్ చేశాడు. దీన్ని జనం ఘనతగా చెప్పుకుంటారు. నాకైతే ఏ కెప్టెన్‌కు ఎక్కడ చిల్లు పడితే అక్కడ ఇతన్ని పెట్టారని అనిపిస్తుంది.

అదే 1952 అక్టోబరులో పాకిస్తాన్‌తో తొలి టెస్టు ఢిల్లీలో జరిగింది. మన్కడ్ 13 వికెట్లు తీశాడు. బ్యాటింగులో మాత్రం ఆదుకున్నది హేమూ అధికారి, పదకొండో నంబరులో దిగిన గులాం అహ్మద్. ఆఖరి వికెట్‌కు 109 పరుగులు జోడించారు. అందులో గులాంవి 50. ఆయన టెస్టు జీవితం మొత్తానికి అర్ధసెంచరీ అదొక్కటే.